గ్రహణం పూట ఆగిన గొట్టం

మా చెల్లెలు నెలకు పైగా అన్నం నోటితో తినలేదు. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక పక్కనుంచి తిన్నది. ఇది చమత్కారానికి చెప్తున్న మాట కాదు. టైఫాయిడ్‌తో పేగుకు చిల్లు పడి, చిత్తూరులో నయం కాక తిరుపతికి తీసుకొచ్చి ఆపరేషన్ చేయిస్తే, కుట్టు వేసిన చోట మళ్లీ కారడం మొదలైంది. పేగు తనంతట తాను పూడుకునేదాకా దానికి పని చెప్పకూడదన్నాడు సర్జన్. నోటికి చుక్క నీళ్లు కూడా వద్దు. మరి మనిషి బతకాలి కదా. అందుకని ఆ ఎముక కిందుగా సూది గుచ్చి, గుండెకు దగ్గరగా పోయే పెద్ద రక్తనాళంలోకి సన్నటి గొట్టం ఒకటి పంపారు. చక్కెర నీళ్లు, మాంసకృత్తుల నీళ్లు, మందులు, అన్నీ అందులోనే. అది ఎనభయ్యో దశకం మొదలు. అటువంటి గొట్టాలు మా వైపు అప్పుడప్పుడే వస్తున్నాయి. డాక్టర్లు దాన్ని సెంట్రల్ లైన్ అనేవారు. వార్డులో తక్కిన రోగుల బంధువులు గుండె గొట్టం అనేవారు. రెండో పేరే నాకు సరిగ్గా తోచింది.

గొట్టం వేసిన రోజే సర్జన్ నన్ను వరండాలోకి పిలిచాడు.

“రెండు చేతుల్లోనూ నరాలు అయిపోయినాయి. ఇది ఉన్నన్నాళ్లే ఆ అమ్మాయికి భోజనం. మూసుకుపోయిందంటే తీసి ఇంకోటి వెయ్యాల. ఈ నీరసంలో ఇంకోసారి గుచ్చితే ఊపిరితిత్తికి తగలచ్చు, రక్తం పోవచ్చు. అందుకని ఇది మూసుకుపోకూడదు.”

నేను విన్న ఉపన్యాసాలన్నిటిలోకీ అది చిన్నది. ఎదురు వాదన లేనిది కూడా అదొక్కటే.

ఎదురు వాదన అనే మాట ఊరికే అనలేదు. చిత్తూరులో గ్రంథాలయం వరండా మీద ఆదివారాలు మేం కొందరం కూడేవాళ్లం. జాతకం నిజమా కాదా, శకునం ఎవరి సొమ్ము, పూనకం వచ్చిన మనిషికి చక్కిలిగిలి పెడితే ఏమవుతుంది వంటివన్నీ అక్కడ చర్చకు వచ్చేవి. నేను బడిపంతుల్ని. పిల్లలకు సైన్సు, పెద్దలకు తగాదా. సెలవు పెట్టి తిరుపతిలో చెల్లెలి మంచం పక్కన కూర్చున్నాక నాకున్న ఒకే ఆయుధం “ఎందుకు?” అన్న ప్రశ్న. దాన్ని ఆ వార్డు హెడ్ నర్సు మీద వాడాను. ఆమె పుంగనూరు వైపు మనిషి. ఆదివారం చర్చికి పోయి, తిన్నగా డ్యూటీకి వచ్చేది. నేనెంత అడిగితే అంత ఉత్సాహంగా చెప్పేది.

మొదటి పాఠం మూడో రోజో నాలుగో రోజో వచ్చింది. డ్రిప్పు ఉన్నట్టుండి ఆగింది. నేను పరుగెత్తి పిలిచాను. ఆమె సీసా నుంచి మొదలుపెట్టి కిందికి చూపు దించుకుంటూ వచ్చింది. సీసాలోకి గాలి పోనిచ్చే సూది ఉందా, చుక్కలను తగ్గించే చక్రం తెరిచి ఉందా, గొట్టం ఎక్కడైనా మడత పడిందా. అన్నీ చూసి మా చెల్లెల్ని అడిగింది.

“ఎట్లా పడుకోనుంటివే? చెయ్యి మడిసి తల కింద పెట్టుకున్నావా?”

“అవును సిస్టరమ్మా.”

“తియ్యి. చెయ్యి పైకెత్తు. మెడ అట్లా తిప్పు. ఇంగ దగ్గు.”

చెల్లెలు దగ్గింది. చుక్కలు గబగబా పడ్డాయి.

“ఇంతేనా?” అన్నాను.

“ఇంతే సార్. లోపల కొస పోయి నరం గోడకు ఆనుకోని ఉంటాది. మనిషి కదిలితే అదీ కదులుతాది. ముందర బయట ఎతకాల. లోపల గడ్డ కట్టిందని భయపడేది కడాకు.”

తర్వాతి పాఠాలు ఇంత సులువుగా లేవు. మందు ఇచ్చిన ప్రతిసారీ ముందు ఉప్పు నీళ్లు, తర్వాత ఉప్పు నీళ్లు. కాల్షియం ఇంజక్షనూ సోడా ఇంజక్షనూ ఒకదాని వెంట ఒకటి పోస్తే గొట్టంలో సున్నం పేరుకుంటుంది. నమ్మకపోతే చూడమని ఒక గాజు గిన్నెలో రెండు చుక్కలు కలిపి చూపించింది. తెల్లగా విరిగింది. సీసా మార్చేటప్పుడో, స్నానానికో డ్రిప్పు ఆపాల్సి వస్తే లోపల రక్తం గడ్డ కట్టకుండా హెపారిన్ అనే మందు కలిపిన నీళ్లు నింపాలి. అదీ ఒక్కసారిగా కాదు, తోసి ఆగి, తోసి ఆగి. అట్లా చేస్తే లోపలి గోడలు కడిగినట్టు అవుతాయి. చివరి చుక్క ఇంకా తోస్తూ ఉండగానే బిగించెయ్యాలి. తోయడం ఆపి బిగిస్తే రక్తం వెనక్కి పీల్చుకుని కొసలో నిలుస్తుంది. నిలిచిన రక్తం గడ్డ కడుతుంది. ఆ చిన్న వార్డులో నేను విన్న సిద్ధాంతం మొత్తం ఇదే. పారుతున్నంతసేపు రక్తం రక్తమే, నిలిస్తే గడ్డ.

“దేవుడు లేడని మీరు, ఉండాడని నేను,” అంది ఒకరోజు సిరంజిలోకి మందు లాగుతూ. “మనిద్దరికీ యా కాలానికీ తెగదు సార్. హెపారిన్ ఉండాదా లేదా అనేది మటుకు ఇప్పుడే తేల్చుకోవాల. స్టోరుకు పోయి సూసి రండి.”

నేను వెళ్లి చూసి వచ్చాను. ఉంది.

మా అమ్మ కథ వేరు. నాయన ఊళ్లో పాడి ఆవులను వదిలి రాలేకపోయాడు. అమ్మ ఒక్కతే వచ్చి మంచం కింద చాప పరుచుకుంది. ఆమెకు ఆ గొట్టమంటే భక్తి ఎంతో భయమూ అంతే. సీసా ఖాళీ అయితే గాలి పోయి మనిషి చచ్చిపోతుందని ఎవరో చెప్పారు. అది పూర్తిగా అబద్ధం కాదు. గుండెకు అంత దగ్గరగా ఉన్న గొట్టంలోకి గాలి పోకూడదనే మాట నిజమే. సగం నిజంతో పోరాడడం మొత్తం అబద్ధంతో పోరాడేదానికంటే కష్టం. సీసాలో ఇంకా జానెడు నీళ్లు ఉండగానే అమ్మ చెయ్యి చక్రం మీదికి పోయేది. హెడ్ నర్సు ఆ చేతిని పట్టుకుని వెనక్కి తెచ్చేది.

“అమ్మా, నీళ్లు సీసా మెడ కాడికి వస్తానే నన్ను పిలువు. నువ్వు తిప్పబాకు.”

“నువ్వు రాకపోతే?”

“వస్తాను. రాకపోతే గట్టిగా అరువు. నీ గొంతు నాకు తెలీదా యేమి?”

అట్లా నడుస్తుండగా సూర్యగ్రహణం వచ్చింది.

ఆ పూట తిరుపతిని చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొండ మీద గుడి తలుపులు మూశారు. ఘాట్ రోడ్డు బస్సులు ఖాళీగా నిలిచాయి. మధ్యాహ్నానికే అంగళ్ల తలుపులు పడ్డాయి. కడుపుతో ఉన్న ఆడవాళ్లను చీకటి గదుల్లో పెట్టారు. పచ్చడి జాడీల మీద, నీళ్ల బిందెల మీద దర్భ గడ్డి వేశారు. మా చిత్తూరు మిత్రులు తిరుపతి వచ్చి, బజారు నడుమ నిలబడి గ్రహణం వేళ పెరుగన్నం తినాలని తీర్మానం చేసి నన్ను మాట్లాడమన్నారు. చెల్లెలు “పో అన్నా, నా వంతు కూడా తినేసి రా” అంది. ఆమెకు అప్పటికి నోట్లో మెతుకు పడి నెల కావస్తోంది. ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

వెళ్లాను. ఎండ వింతగా సన్నగిల్లింది. మేం ఆకుల్లో పెరుగన్నం పెట్టుకుని తిన్నాం. నేను నీడల జ్యామితి వివరించాను. వినేందుకు ఒక ఎద్దు, తలుపు సందుల్లోంచి కొన్ని కళ్లు. ఎవరికీ వాంతులు కాలేదు. నా జీవితంలో ఇంత సంపూర్ణంగా నెగ్గిన సభ లేదు, ఇంత తక్కువమంది విన్న సభా లేదు.

వెలుగు మామూలై తిరిగి వార్డుకు వచ్చేసరికి అమ్మ లేదు. చెల్లెలు నిద్రలో ఉంది. డ్రిప్పు గాజు బుడ్డిలో చుక్క పడడం లేదు. చక్రం బిగించి ఉంది. గొట్టంలో, అది చర్మంలోకి దూరే చోట, వేలెడు పొడవున రక్తం ఎక్కి ఎర్రగా, అంచుల్లో నల్లగా ఉంది.

చక్రం వదులు చేశాను. చుక్క రాలేదు. డ్రిప్పు గొట్టంలో రబ్బరు ముక్క ఉన్నచోట రెండు వేళ్లతో నొక్కి తోద్దామని చెయ్యి పెట్టబోయాను. చెల్లెలు కళ్లు తెరిచింది.

“అన్నా, పట్టుకోబాకు. సిస్టరమ్మను పిలువు.”

“ఎవరు మూసినారు?”

“అమ్మ. నేను వద్దంటే ఇనలే. గ్రహణం పట్టంగానే మూసింది. ఇంగ గ్రహణం ఇడిసినాక తలకు పోసుకోని వచ్చి తిప్పుతాదంట.”

అర్థమైంది. గ్రహణం వేళ కడుపులోకి ఆహారం పోకూడదు. ఆ సీసాలోది మా చెల్లెలి ఆహారం. మా అమ్మ తర్కంలో ఎక్కడా తప్పు లేదు, మొదటి మెట్టు తప్ప.

హెడ్ నర్సు వచ్చింది. చేతులు కడుక్కుంది. తలగడ తీసి చెల్లెల్ని బల్లపరుపుగా పడుకోబెట్టింది. సీసా నుంచి కిందికి అదే వరుసలో చూసింది. చెయ్యి ఎత్తించింది, మెడ తిప్పించింది, దగ్గించింది. ఈసారి ఏదీ పనిచేయలేదు. గొట్టం బిగించి, స్పిరిట్‌తో తుడిచి, ఊపిరి బిగబట్టమని చెప్పి డ్రిప్పు విడదీసింది. ఒక పెద్ద సిరంజి తగిలించి రక్తం వస్తుందేమోనని మెల్లగా వెనక్కి లాగింది. రాలేదు.

“చిన్న సిరంజితో గట్టిగా తోస్తే?” అన్నాను.

“చిన్నదాంతో తోస్తే జోరు ఇంగా ఎక్కువ సార్. గొట్టమన్నా పగలాల, గడ్డన్నా పోవాల. పోతే యాడికి పోతాది? గుండెకాయలోకి, ఆడి నుంచి ఊపిరితిత్తికి. తోసేది కాదు ఇది, లాగేది. డాక్టరును పిలిపిస్తాను. మీరు గమ్మున కూర్చోండి.”

గమ్మున కూర్చోవడం నాకు చేతకాదు. పక్క మంచం దగ్గర, భార్యకు తోడుగా ఉన్న బెల్లం వ్యాపారి ఒకాయన ఉన్నాడు. కాణిపాకం దగ్గరి మనిషి, మంచివాడే. ఆయన మొలకు కట్టిన దర్భ పోచ విప్పుతూ నన్ను చూసి తల పంకించాడు.

“సూసినావా అప్పా? ఇన్నాళ్లూ ఆగని గొట్టం ఈ పొద్దే ఆగింది. గ్రహణమంటే ఎగతాళి కాదబ్బా. నువ్వు ఆడ పెరుగన్నం తింటివి, ఈడ బిడ్డకు తగిలె.”

వార్డులో నలుగురు ఆయన వైపు తిరిగారు. నా చెవులు కాగాయి. ఎన్ని సభల్లో ఎన్ని వాదాలు విన్నానో, ఇంత చక్కటి సాక్ష్యంతో ఎవరూ నా ముందుకు రాలేదు. గ్రహణం పట్టింది, గొట్టం ఆగింది. కళ్లెదురుగా జరిగింది. ఎవరు కాదనగలరు?

“నిజమేనప్పా,” అన్నాను. “గ్రహణమే ఆపింది. అయితే ఆకాశంలోంచి కాదు. మా అమ్మ బొటనవేలుతో ఆపింది. ఆ చక్రం మూయకుండా ఉండింటే సూర్యుడు మొత్తం మాయమైపోయినా చుక్కలు పడతానే ఉండేవి. మీ ఆమెకు కూడా డ్రిప్పు ఉండాది కదా. ఆగిందా?”

ఆయన తిరిగి భార్య సీసా చూశాడు. చుక్కలు పడుతున్నాయి.

“మాది చేతి గొట్టం కదా,” అన్నాడు కొంచెం తగ్గి.

“గ్రహణానికి చెయ్యి, మెడ తేడా తెలుస్తాదా?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది, పెరటి కొళాయి కింద తలకు పోసుకుని, తడి చీరతో, జుట్టు కొసల నుంచి నీళ్లు కారుతూ. మంచం చుట్టూ మనుషులను, నర్సు చేతిలో సిరంజిని చూసింది. నేను నోరు తెరిచాను. ఆమె ముఖం చూసి మూసుకున్నాను.

సర్జన్ వచ్చి చూశాడు. హెపారిన్ నీళ్లు కొద్దిగా పట్టించి చూద్దామన్నాడు. తోయకూడదు కదా, మరి లోపలికి ఎట్లా పోతుంది? సిరంజిని వెనక్కి లాగి పట్టుకుని, అలాగే వదిలితే లోపల ఏర్పడిన ఖాళీలోకి మందు దానంతట అదే జారుతుంది. ఆ పని హెడ్ నర్సు చేసింది. లాగడం, వదలడం. లాగడం, వదలడం. తర్వాత మందు పనిచేసేందుకు కొంతసేపు వదిలెయ్యాలి. కరిగించే మందు కాదిది, గడ్డ పెరగకుండా చూసేది మాత్రమే అని సర్జన్ ముందే చెప్పాడు. గడ్డ కొత్తది గనక ఊడి రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే రేపు ఇంకో సూది.

ఆ ఎదురుచూపులో అమ్మ నా పక్కన నేల మీద కూర్చుంది.

“రేయ్, నేను తినబెట్టేది ఆపినాను. రక్తం ఆపలేదు కదరా.”

“రెండూ ఒకటే గొట్టం కదమ్మా. అటు నుంచి నీళ్లు తోస్తా ఉంటేనే ఇటు నుంచి రక్తం రాకుండా ఉంటాది. నువ్వు నీళ్లు ఆపితివి. రక్తం కొంచెం ఎక్కొచ్చి నిలిచింది. నిలిస్తే గడ్డ కట్టదా?”

అమ్మ తడి కొంగు పిండుతూ కూర్చుంది.

హెడ్ నర్సు మళ్లీ సిరంజి పట్టింది. మెల్లగా లాగింది. ఏమీ లేదు. ఇంకొంచెం. చెల్లెలు కళ్లు మూసుకుంది. సిరంజి గాజులోకి నల్లటి దారపు పోగు లాంటిది, నానిన చింతపండు పీచులాగా, సాగుతూ వచ్చింది. దాని వెనకే ఎర్రటి రక్తం ధారగా వచ్చింది. ఆ సిరంజిని పక్కన పెట్టి, వేరే సిరంజితో ఉప్పు నీళ్లు తోసి ఆగి, తోసి ఆగి కడిగింది. డ్రిప్పు తగిలించింది. బుడ్డిలో చుక్క పడింది. దాని వెంట ఇంకోటి.

“ఊపిరి పీల్చుకో తల్లీ,” అంది నర్సు. “నువ్వూ పీల్చుకోమ్మా,” అంది అమ్మతో.

ఆ సిరంజిని పారెయ్యకుండా అమ్మకు చూపించింది. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది. మజ్జిగలో వెన్న తేలకపోయినా, పాలు విరిగినా కారణం వెతికే మనిషి ఆమె. అంతకంటే పెద్ద ఉపన్యాసం అక్కర్లేదని నాకప్పుడే తెలిసింది. బజారులో నా సభకు పోగైన శ్రోతల కంటే ఈ సిరంజికి ఉన్న ఒక్క శ్రోత ఎక్కువ.

ఆ సాయంత్రం నుంచి చక్రం మీద తెల్లటి ప్లాస్టరు ముక్క అంటించారు. ఎవరైనా తిప్పితే ముడతపడి తెలిసిపోతుంది. దానికి కాపలా మా అమ్మే. సీసా మెడ దగ్గరికి నీళ్లు రాగానే ఆమె గొంతు వార్డంతా వినిపించేది. తక్కిన మంచాల దగ్గర కూడా ఎవరైనా చక్రం ముట్టుకుంటే ఊరుకునేది కాదు.

“తిప్పబాకప్పా! నిలిస్తే గడ్డ కడతాది. మా బిడ్డకు ఏమైందో సూడలేదా?”

బెల్లం వ్యాపారి ఒకసారి నవ్వుతూ అన్నాడు. “కొడుకు నోరు తల్లికి వచ్చిందే!”

“వానికి నా నోరే వచ్చింది,” అంది అమ్మ.

పదిహేను రోజులు తిరగకుండానే చంద్రగ్రహణం. పౌర్ణమి చంద్రుడు పొద్దుగూకేటప్పటికే పట్టుబడి పైకి వస్తాడని పంచాంగం చెప్పింది. నేను చిత్తూరు మిత్రుల పిలుపును ఈసారి ఒప్పుకోలేదు. నా సభ ఈ మంచం దగ్గరే. వాదనంతా సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆ రోజు ఉదయమే సర్జన్ పొట్ట తడిమి, పేగు పూడిందని, గుటకలు గుటకలుగా నీళ్లు తాగవచ్చని చెప్పాడు. నీళ్లు ఒంటబడితే గొట్టం ఇంకొన్నాళ్లకు తీసేస్తారు. అది అప్పటిదాకా ఆగకుండా నడవాలి.

చీకటి పడేముందు అమ్మ కొంగులోంచి దర్భ పోచ తీసింది. నా వాదన మొదటి వాక్యం నోటిదాకా వచ్చింది. ఆమె ఆ పోచను సీసా స్టాండుకు ముడివేసింది. చక్రాన్ని ముట్టుకోలేదు.

“ఇదేందమ్మా?”

“ఇది ఉంటే దోషం లేదంట. గొట్టం నడస్తా ఉండనీ.”

నేను ఆ గడ్డిని లాగబోయాను. హెడ్ నర్సు వచ్చి ముడిని దగ్గరగా చూసింది.

“గడ్డి స్టాండుకు ఉండాది, గొట్టానికి లేదు. డ్రిప్పు అతుకు కాడికి రాకుండా నేను సూసుకుంటా. వదిలెయ్యండి సార్.”

వదిలేశాను. ఒప్పుకోలేదు. ఆ పోచలో ఏ మహిమా లేదని ఆ రోజూ చెప్పాను, ఇప్పటికీ చెప్తాను. దర్భ దొరకని రోజు మళ్లీ చక్రం మూతపడుతుందనే నా భయం అబద్ధం కాదు. కానీ మొదటిసారి ఆమెకు గ్రహణం ముఖ్యం, గొట్టం తర్వాత. ఈసారి గొట్టం ముందు నిర్ణయమైపోయింది. గ్రహణానికి ఏదో ఒక సర్దుబాటు వెతుక్కోవాల్సి వచ్చింది. మూఢనమ్మకం వెనకడుగు వేసేటప్పుడు ఇట్లాగే వేస్తుంది, చేతిలో గడ్డిపోచ పట్టుకుని. అడుగు వెనక్కే పడిందా లేదా అన్నదే నేను చూస్తాను.

కిటికీ బయట చంద్రుడు మసిగా, రాగి రంగుగా లేచాడు. వార్డులో చుక్కల చప్పుడు వినిపించినట్టే ఉంది.

“అమ్మా, దాహం,” అంది చెల్లెలు.

అమ్మ గోడ వైపు చూసింది. “ఇడిసేదాకా ఓర్చుకో తల్లీ. ఇంతకాలం ఓర్చుకున్నావు.”

“డాక్టరు తాగమన్నాడు.”

“గొట్టంలో పోతానే ఉండాది కదే. నోటికి కొంచెం ఆగు.”

నేను లేచాను. చెల్లెలు నన్ను కళ్లతోనే ఆపింది. మంచం పక్క స్టూలు మీద గ్లాసు ఉంది. ఆమె గొట్టం లేని వైపు చెయ్యి చాపి, మెల్లగా, అతుకు కదలకుండా, దాన్ని అందుకుంది. ఒక గుటక తాగింది. కాసేపు ఆగి ఇంకో గుటక. పొట్ట మీద చెయ్యి వేసుకుని వేచి చూసింది. నొప్పి రాలేదు.

అమ్మ అప్పటికే కిటికీ వైపు తిరిగిపోయి ఉంది.

“నేను సూడలేదు,” అంది, వెనక్కి తిరగకుండానే. కాసేపటికి మళ్లీ అంది. “గ్లాసులో ఇంగా ఉండాయా నీళ్లు? లేకుంటే చెప్పు, పోస్తా.”